వెండితెర నుంచి కంటితెర దాకా: ఎల్.వి.ప్రసాద్

మన షేక్‌పేట నుంచి బంజారాహిల్స్ వైపు వెళితే ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వస్తుంది. మనలో చాలామందికి అది ఆసుపత్రి పేరుగానే తెలుసు. ఆ పేరు గల మనిషి డాక్టరు కాదు, పెద్ద చదువులు చదివినవారూ కాదు.

అక్కినేని లక్ష్మీవరప్రసాద్ 1908 జనవరి 17న ఏలూరు దగ్గర సోమవరప్పాడులో రైతు కుటుంబంలో పుట్టారు. ఆయనకు చదువు కన్నా నాటకాల మీద, మూకీ సినిమాల మీద ధ్యాస ఎక్కువ. ఇంట్లో అప్పులు పెరిగాయి. 1930 ప్రాంతంలో ఇంట్లో చెప్పకుండా బొంబాయి చేరి, సినిమా కంపెనీలో చిల్లర పనులతో మొదలుపెట్టారు. 1931లో ఆలం ఆరా, కాళిదాస్, 1932లో భక్త ప్రహ్లాద వచ్చాయి. హిందీ, తమిళ, తెలుగు భాషల ఈ తొలి టాకీలు మూడింటిలోనూ ఆయన వేషాలు వేశారు.

1946లో గృహప్రవేశంతో దర్శకుడిగా పేరు వచ్చింది. 1949లో మనదేశం చిత్రంతో ఎన్.టి.రామారావును తెరకు పరిచయం చేశారు. షావుకారు, పెళ్ళిచేసి చూడు, మిస్సమ్మ ఆయన తీసినవే. 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నారు.

అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో కంటి ఆసుపత్రి పెట్టాలనుకున్నారు. ప్రసాద్‌గారు, కుమారుడు రమేష్ ప్రసాద్ కోటి రూపాయలు, బంజారాహిల్స్‌లో ఐదెకరాల స్థలం ఇచ్చారు. 1987లో ఆసుపత్రి మొదలైంది. డబ్బు కట్టలేనివారికి అక్కడ ఉచితంగా వైద్యం చేస్తారు. మా దృష్టిలో ఆయన గొప్ప చిత్రం అదే.

ప్రసాద్‌గారు 1994 జూన్ 22న కన్నుమూశారు. మూడేళ్ళకు, 1997లో, అదే రోచెస్టర్‌లో డేవిడ్ విలియమ్స్ బృందం ఒక అద్భుతం చేసింది. కంటి లోపల సినిమా తెరలాంటి పొర రెటీనా. అందులో వెలుతురును పట్టే కణాలు మిల్లీమీటరులో కొన్ని వేల వంతులే ఉంటాయి. కంటి కటకాల్లోని చిన్న చిన్న లోపాల వల్ల లోపలి ఫోటో మసకబారుతుంది. వాళ్ళు ఆ లోపాలను కొలిచి, దానికి తగ్గట్టు ఆకారం మార్చుకునే అద్దంతో సరిదిద్దారు. నక్షత్రాలను స్పష్టంగా చూడటానికి ఖగోళ శాస్త్రజ్ఞులు వాడిన పద్ధతే ఇది. దీన్ని అడాప్టివ్ ఆప్టిక్స్ అంటారు. బతికున్న మనిషి కంటిలో ఒక్కొక్క కణం విడివిడిగా కనిపించింది!

ఈ యంత్రాలు ఇంకా ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉన్నాయి. కానీ మామూలు రెటీనా పరీక్ష మనకు అందుబాటులో ఉంది. షుగరు జబ్బు రెటీనాను నొప్పి లేకుండా దెబ్బతీస్తుంది. చూపు తగ్గాక తెలిస్తే పోయినదంతా తిరిగి రాకపోవచ్చు. కూలికి వెళ్ళే మన అమ్మానాన్నలకు చూపు పోతే పనీ పోతుంది, మన చదువూ ఆగుతుంది.

అందుకే మిత్రులారా, ఈసారి సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఇంట్లో షుగరున్నవారికి ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయిద్దాం. ప్రసాద్‌గారికి మనం చేయగల నివాళి ఇదే.