ఎడ్వర్డ్ సెగ్విన్ మహాశయుడు

విద్య అనగానే పుస్తకములు, పరీక్షలు, పట్టములు స్ఫురిస్తాయి. పలకరించిన వానికి బదులు పలకడం, తన వంతు కొరకు వేచియుండడం, నలుగురితో కలసి మెలగడం కూడా విద్యయేనని, ఆ విద్యకు అనర్హులెవ్వరూ లేరని ఆచరణలో చూపిన మహనీయుడు ఎడ్వర్డ్ సెగ్విన్. వారి జీవితమును సోదర విద్యార్థులకు సంగ్రహంగా పరిచయం చేయదలచాము.

సెగ్విన్ 1812లో ఫ్రాన్సు దేశమందలి క్లామెసీ పట్టణంలో జన్మించారు. వైద్యుడైన ఇటార్డ్ వారికి మార్గదర్శి. అడవిలో దొరికిన విక్టర్ అను బాలునికి మాటలు, మర్యాదలు నేర్ప ఏండ్ల తరబడి శ్రమించి, ఆశించిన ఫలితం కానరాక ఇటార్డ్ విరమించారు. గురువు ఆపినచోట శిష్యుడు ఆరంభించారు. 1837లో ఒక్క బాలునితో మొదలైన కృషి 1840 దశకంలో పారిస్ నగరపు బిసెత్ర్ ఆసుపత్రికి చేరింది. బుద్ధిమాంద్యం గలవారిని జడులని ఈసడించి, ఉన్మాదులతోపాటు ఉంచిన కాలమది.

సెగ్విన్ శిక్షణ దేహంతో మొదలవుతుంది. నిచ్చెనలెక్కించడం, గురువు కదలికలను అనుకరింపజేయడం తొలిమెట్టు. పిదప గరుకును, నునుపును స్పర్శతో గుర్తించడం, చెక్కపలకలోని గుంటలలో తగిన ఆకారాలను అమర్చడం. అటుపైన మాట, చదువు, చేతిపని. చివరిమెట్టు సంకల్పం. ఒకరు చెప్పగా చేయడం కాక, తానే కోరి, ఎదుటివారిని గుర్తెరిగి వర్తించడమే గమ్యం. ఒంటరిగా నేర్వలేనిది తోటివారిని చూచి నేర్వగలరని వారు సామూహికాభ్యాసములకు ప్రాధాన్యమిచ్చారు.

1846లో తమ పద్ధతిని గ్రంథస్థం చేసిన సెగ్విన్, 1848 విప్లవానంతరం అమెరికా చేరి, అచ్చటి విద్యాలయాలకు దారి చూపారు. 1880లో న్యూయార్కులో కీర్తిశేషులయ్యారు. వారి బోధనా సామగ్రి తదుపరి మరియా మాంటిసోరి చేతులలో లోకమంతటి పసిపిల్లల సొత్తయింది. కాని, విద్యార్థులను సంఘంలోనికి పంపుటకై వెలసిన ఆ ఆలయాలే కాలక్రమంలో యావజ్జీవ నిర్బంధ గృహాలుగా మారడం మిక్కిలి శోచనీయం.

ఆటిజమును లియో కానర్ 1943లో వర్ణించారు. సెగ్విన్ శిష్యులలో అట్టివారును ఉండియుందురని ఊహించుట అసంగతం కాదు. నేడు ఆటిజముతోపాటు బుద్ధిమాంద్యం గల వయోజనులకు బస్సులో టిక్కెట్టు కొనడం, సాయమడగడం, ఇష్టంలేనిచో వలదనడం చిన్న చిన్న మెట్లుగా నేర్పుతున్నారు. 1984లో సికిందరాబాదున నెలకొన్న జాతీయ సంస్థ మనకు సమీపముననే ఈ రంగంలో కృషి చేస్తున్నది. 2016 నాటి చట్టం వారి హక్కులను గుర్తించింది.

విద్యార్థి మిత్రులారా! వారు నేర్చిన పలకరింపుకు బదులు పలికేవారు లేనిచో ఆ విద్య నిష్ఫలం. బాల్యం గడచినంత మాత్రాన వారి చదువు ముగియదు. మన ఓర్పే వారి పాఠశాల. సగం పాఠం వారిదైతే, తక్కిన సగం మనదని మేము విశ్వసిస్తున్నాము.