నీళ్ళ లెక్క తీసిన విశ్వేశ్వరయ్య గారు

సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినం చేస్తారు. అది శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు. ఆయన ఇంటిపేరు మన వైపు ఊరిదేనని నాకు మొన్నటిదాకా తెలియదు. బేస్తవారిపేట దగ్గర మా మామ వాళ్ళ తండాకి పోతుంటే మోక్షగుండం బోర్డు కనపడింది. అందుకే ఆయన గురించి చదివి రాస్తున్నాను.

ఆయన పెద్దలు ఆ ఊరి నుంచి మైసూరు సీమకు వెళ్ళారు. ఆయన 1861లో ముద్దెనహళ్ళిలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. బెంగుళూరులో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ 1881లో బి.ఏ. పాసయ్యారు. స్కాలర్‌షిప్పు మీద పూనాలో ఇంజనీరింగు చదివారు. అంటే ఆయన కూడా మనలాగే సర్కారు సాయంతో చదివినవారే.

1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగి సుమారు 15 వేల మంది చనిపోయారు. నిజాం ప్రభుత్వం పిలిస్తే 1909లో ఆయన వచ్చారు. ముందు వాన లెక్కలు తీశారు. నదికి ఎగువన 788 చెరువులుంటే 221 తెగాయని తేలింది. పై చెరువు తెగితే ఆ నీళ్ళన్నీ కింది చెరువు మీద పడ్డాయి. అప్పుడు వరదను ఆపే జలాశయాలకీ, ఊరి మురుగు కాల్వలకీ ప్లాను ఇచ్చారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆయన 1912 నుంచి 1918 దాకా మైసూరు దివానుగా చేశారు. 1955లో భారతరత్న వచ్చింది. 1962లో నూరేళ్ళు నిండాక కన్నుమూశారు.

ఇదంతా చదువుతుంటే నాకు మన హాస్టలు వెనక కాల్వ గుర్తొచ్చింది. మనది నల్లరేగడి, వాన నీళ్ళు తొందరగా ఇంకవు. పోయినేడు కాల్వ పూడి నీళ్ళు గదుల్లోకి వచ్చాయి. నా ట్రంకుపెట్టెలో నోట్సులన్నీ తడిసిపోయాయి. మర్నాడు అందరం పారలు పట్టాం, వాన వెలిశాక మర్చిపోయాం. పళ్ళెం కడిగి మెతుకులు అందులో పారేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కాల్వ తవ్వడానికి డబ్బు ఒక్కసారి చాలు. పూడిక తీయడానికి మాత్రం ఏటా కావాలి. మన గుంటూరు వైపు డెల్టా పొలాల్లో కూడా నీళ్ళు నిలిచి పైరు దెబ్బతినేది. అందుకే 1968లో కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు కాల్వల కోసం భూమి ఉన్నవాళ్ళ దగ్గర సెస్సు తీసుకునే చట్టం చేశారు. పని ఎంత పెద్దదైనా డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో ముందే రాసుకోవాలి.

అందుకే నా మనవి. ఏటా జూన్‌లో బడి తెరవగానే కాల్వ పొడవు కొలుద్దాం. కూలి ఎంత, తట్టలు ఎన్ని అని కాగితం మీద రాసి వార్డెను సారుకి ఇద్దాం. హాస్టలు ఖర్చుల్లో దానికి కొంత తీసిపెట్టమని సారుని కోరుతున్నాను. కొలవడానికి నాతో ఇద్దరు రండి. టేపు పి.ఇ.టి. సారు దగ్గరుంది.

— 9వ తరగతి విద్యార్థి