మన చెట్ల పేర్లు రాసుకున్న దొర – విలియం రాక్స్‌బర్గ్

పోయిన సంవత్సరం ఫాల్గుణ మాసంలో మా హాస్టల్ విద్యార్థులం ఒక ప్రభుత్వ ఉద్యానవనానికి విహారయాత్ర వెళ్ళాము. అక్కడ ఆకులన్నీ రాల్చేసిన ఒక చెట్టు, నిండా నిప్పు కణికల్లాంటి పూలతో నిలబడి ఉంది. మాలో కొందరు కొమ్మలు వంచి పూలు తుంచారు. ఇద్దరు పక్క చెట్టు బెరడు మీద మేకుతో తమ పేర్లు చెక్కారు. తోటమాలి తాతగారు వచ్చారు. తిడతారనుకున్నాము, తిట్టలేదు. పూలు కోసిన చెట్టు పేరేమిటో చెప్పమన్నారు. నలభై మందిమి ఉండి ఒక్కరమూ చెప్పలేకపోయాము.

అది మోదుగ. దాని ఆకులతో కుట్టిన విస్తళ్ళలో పెళ్ళి భోజనాలు తిన్నవాళ్ళమే, చెట్టును మాత్రం ఎరుగము. ఆ సిగ్గుతోనే సెలవు రోజుల్లో మా ఊరి సారస్వత నికేతనంలో కూర్చుని చెట్ల గురించి చదవడం మొదలుపెట్టాము. అలా దొరికిన మనిషి విలియం రాక్స్‌బర్గ్. భారతదేశ వృక్షశాస్త్రానికి పితామహుడని పేరు పొందిన ఈయన పని మొదలుపెట్టింది మన తెలుగు నేల మీదేనని తెలిసి ఆశ్చర్యపోయాము.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులో పుట్టారు. ఎడింబరోలో వైద్యం చదువుతూ జాన్ హోప్ అనే ఆచార్యుని వద్ద వృక్షశాస్త్రం నేర్చుకున్నారు. ఆ రోజుల్లో చాలా మందులు మొక్కల నుంచే వచ్చేవి కనుక డాక్టరుకు మొక్కలు తెలియడం తప్పనిసరి. ఓడల మీద వైద్యుడిగా తిరిగి, 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు చేరారు. 1781 నుండి ఆయన మకాం సామర్లకోట. మన వేటపాలెం స్టేషనులో రైలెక్కి విజయవాడ మీదుగా వెళితే వచ్చే సామర్లకోటే అది.

అక్కడ సిపాయిలకు వైద్యం చేస్తూనే కంపెనీ తరఫున ఒక పెద్ద తోట పెంచారు. మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, నీలిమందు, పట్టుపురుగుల కోసం కంబళి చెట్లు వేయించారు. ఇదంతా కంపెనీకి లాభం రావాలనే, మన మీద ప్రేమతో కాదు. ఈ మాట దాచి ఆయనను పొగడటం మాకు ఇష్టం లేదు. కానీ తోట బయట ఊరకే పెరిగే చెట్లను కూడా ఆయన వదలలేదు. వాటిని ఇక్కడివాళ్ళు ఏమని పిలుస్తారో అడిగి, ఆ తెలుగు పేర్లను తన పుస్తకాల్లో రాసుకున్నారు. సోమిద అనే మన చెట్టు పేరే కాస్త మారి, తరువాతి కాలంలో ఆ చెట్టుకు శాస్త్రీయ నామమైంది.

ఆయనకు కోనిగ్ అనే స్నేహితుడుండేవారు. ఈయన కూడా మొక్కల కోసం ఊళ్ళు పట్టి తిరిగినవారే. 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో జబ్బుపడి కన్నుమూశారు. చివరి రోజుల్లో దగ్గరుండి చూసుకున్నది రాక్స్‌బర్గే. ఆ తరువాత రెండేళ్ళకు, 1787లో, కోరంగి తీరాన్ని పెద్ద ఉప్పెన ముంచేసింది. వేలాదిమంది చనిపోయారు. ఇంజరంలో ఉన్న రాక్స్‌బర్గ్ పుస్తకాలు, అంతవరకు సేకరించిన మొక్కలు, రాతప్రతులు నీళ్ళపాలయ్యాయి. ఏళ్ళ తరబడి చేసిన పని అది. 1977 నవంబరు ఉప్పెన సంగతి మన తీరంలో ఇంటింటా చెప్పుకుంటారు కాబట్టి, ఆ నష్టం ఎలాంటిదో మాకు ఎవరూ వివరించనక్కరలేదు. ఆయన మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

ఉప్పెన వెనకే కరువు వచ్చింది. 1789 నుండి 1792 వరకు వానలు సరిగా లేక ఆ ప్రాంతంలో జనం ఆకలితో మలమల మాడిపోయారు. వాన ఎంత పడిందో, ఎండ ఎంత ఉందో కొలిచి రాసుకునే అలవాటు రాక్స్‌బర్గ్‌కు ఉంది. వరి ఒక్కదాన్నే నమ్ముకుంటే వాన తప్పినప్పుడు జనం చావక తప్పదని ఆయనకు అర్థమైంది. అందుకని కొబ్బరి, తాటి, ఈత, పనస, అరటి, సగ్గుబియ్యపు చెట్టు వంటివి విరివిగా నాటించాలని కంపెనీకి రాశారు. వానలు లేని ఏడు కూడా ఏదో ఒక తిండి పెట్టగల చెట్లవి. తోట అంటే చూడటానికి అందంగా ఉండేదని మాత్రమే అనుకునే మాకు ఈ సంగతి బాగా పట్టింది. మా తాతలు తాటి ముంజలు, తేగలు తిని గంజి కరువును దాటిన కథలు చెబుతుంటారు మరి.

ఆయన చేసిన పనుల్లో మాకు అన్నిటికన్నా నచ్చినది బొమ్మలు వేయించడం. మన దేశపు చిత్రకారులను జీతానికి పెట్టుకుని, పూత వచ్చిన సమయంలో కొమ్మను ముందు పెట్టి అసలు రంగుల్లో గీయించేవారు. మోదుగ ఏడాదికి కొద్ది రోజులే పూస్తుంది. ఆ రోజులు దాటితే మళ్ళీ వసంతం వచ్చేదాకా ఆగాలి. అలా వేసిన వాటి నుండి ఏరిన 300 చిత్రాలతో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం 1795లో మొదలై, 1820 నాటికి మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయింది. అందులో మోదుగ ఉంది. బీడీలు చుట్టే తునికి ఉంది. బురద నీటిని తేర్చే చిల్లగింజ ఉంది. గుడ్డలకు ఎర్ర రంగు అద్దే చిరివేరు ఉంది. మా ఊరు మగ్గాల ఊరు కనుక చిరివేరు పేరు చూడగానే పొరుగువాడు కనిపించినట్టయింది. మొత్తం మీద ఆయన వేయించిన బొమ్మలు రెండున్నర వేలకు పైనే. వాటిని వేసిన చిత్రకారుల పేర్లు మాత్రం ఆ పుస్తకంలో లేవు. చెట్ల పేర్లు చెప్పిన కూలీలు, పశువుల కాపరులు, వైద్యుల పేర్లూ లేవు. వాళ్ళలో మా ముత్తాతల వంటివాళ్ళు ఉండే ఉంటారని మా నమ్మకం.

1793లో ఆయనను కలకత్తా ఉద్యానవనానికి అధికారిగా పంపారు. వెళ్ళేనాటికి అక్కడ సుమారు 300 రకాల మొక్కలుండేవి. 1814లో అచ్చయిన జాబితాలో ఆ సంఖ్య సుమారు 3,500. ఆరోగ్యం దెబ్బతిని 1813లో ఇండియా విడిచిన రాక్స్‌బర్గ్, 1815లో ఎడింబరోలో చనిపోయారు. ఆయన రాసిన పెద్ద గ్రంథాన్ని ఆయన పోయిన తరువాత విలియం కేరీ అచ్చు వేయించారు.

ఆ తోట ఇప్పటికీ హౌరాలో ఉంది. 2009 నుండి ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరుతో పిలుస్తున్నారు. దాదాపు 270 ఎకరాలు. అక్కడి మహా మర్రికి తెగులు పడితే 1925లో అసలు మానునే తీసేశారు. ఊడలు దిగి మానులై, చెట్టు అంతా అడవిలా నిలబడే ఉంది. 2020లో ఆంఫన్ తుపాను ఆ తోటలో చాలా చెట్లను కూల్చింది. ఉద్యానవనాన్ని ఒక్కసారి నాటి వదిలేస్తే సరిపోదన్నమాట.

ఇంటర్‌లో బోటనీ చదివే మా అన్నలు ఒక సంగతి చూపించారు. తునికి, తానికాయ, తెల్లమద్ది చెట్ల శాస్త్రీయ నామాల పక్కన ఆయన పేరు పొట్టిగా రాసి ఉంటుంది. అది చూశాక మేము కూడా ఒక నోటుపుస్తకం పెట్టాము. మా హాస్టల్ ఆవరణలోని చెట్లకు నెంబర్లు వేసి, పేరు, పూత వచ్చే నెల, నీళ్ళు పోసే వారి వంతు రాస్తున్నాము. బెరడు మీద పేర్లు చెక్కిన ఆ ఇద్దరికే పుస్తకం అప్పజెప్పాము. వాళ్ళే ఇప్పుడు అందరికన్నా గట్టిగా కాపలా కాస్తున్నారు! ఇప్పటికి పదకొండు చెట్లకు పేర్లు రాశాము. నీళ్ళ ట్యాంకు పక్కనున్న చెట్టు పేరు ఇంకా దొరకలేదు. చిన్న తెల్లపూలు, సాయంత్రమైతే వాసన. వార్షికోత్సవానికి వచ్చే పెద్దలెవరైనా చూసి చెబితే రాసుకుంటాము.