కోటగోడల నడుమ పట్టాభి

బిలాస్‌పూరులో స్థిరపడిన తెలుగు కుటుంబములకు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు పరాయివారు కారు. 1952 నుండి 1957 వరకు వారు మధ్యప్రదేశ్ గవర్నరుగా నుండిరి. 2000లో ఛత్తీస్‌గఢ్‌లో చేరిన మన బిలాస్‌పూరు ఆనాడు ఆ రాష్ట్రములోనిదే. వారి పదవులను మనలో పెక్కుమంది యెఱుగుదురు. ఆ పదవుల వెనుకనున్న ఆశాభంగములను స్మరించువారు తక్కువ.

పట్టాభిగారు 1880 నవంబరు 24వ తేదీన గుండుగొలనులో జన్మించిరి. మద్రాసులో చదివి వైద్యులై, బందరులో వృత్తి నారంభించి, పిదప దానిని విడిచి దేశసేవకు పూనుకొనిరి. 1923లో ఆంధ్ర బ్యాంకును స్థాపించిరి. కాంగ్రెసు చరిత్రను వ్రాసి 1935లో ప్రకటించిరి.

1939 జనవరిలో, జబల్పూరు చెంత త్రిపురిలో జరుగనున్న కాంగ్రెసునకు అధ్యక్షుని ఎన్నుకొనవలసి వచ్చెను. ఆజాద్‌గారు తప్పుకొనగా పట్టాభిగారు నిలిచిరి. సుభాస్ చంద్ర బోసుగారికి 1580, వీరికి 1377 ఓట్లు వచ్చెను. గాంధీజీ ఆ ఓటమిని తన ఓటమిగా ప్రకటించుటతో, ఓడిన మనిషికంటె ఆ మాటయే లోకమునకు గుర్తుండిపోయెను.

1942 ఆగస్టు 9వ తేదీన బొంబాయిలో కార్యవర్గసభ్యులను నిర్బంధించి, నెహ్రూ, పటేల్, ఆజాద్ ప్రభృతులతోపాటు పట్టాభిగారిని అహమ్మదునగరు కోటలో నుంచిరి. వారి నెచ్చట నుంచిరో తొలుత ప్రభుత్వము వెల్లడింపలేదు. ఆరంభమున పత్రికలు లేవు, ఉత్తరములు లేవు. తరువాత కుటుంబీకులకు మాత్రము వ్రాయుట కనుమతి లభించెను. ఆ ఉత్తరములు సైతము అధికారుల పరిశీలన దాటి పోవలసినవే. దేశము ఉడికిపోవుచుండగా దేశనాయకులు క్షేమసమాచారములతో తృప్తిపడవలసి వచ్చెను. 1943 ఫిబ్రవరిలో గాంధీజీ ఇరువదియొక్క దినముల ఉపవాసము పూనగా, వీరు గోడల వెనుక నుండి వార్తలకై ఎదురు చూచుటకంటె చేయగలిగినది లేకపోయెను. ఆ ఏప్రిలులో ఆజాద్‌గారి సతీమణి కలకత్తాలో మరణించిరి. కడసారి చూపైనను ఆయనకు దక్కలేదు.

బయటికి పంపరాని మాట కాగితముమీద నిలిచెను. ఆజాద్‌గారు టపాలో వేయని లేఖలు వ్రాసికొనిరి. నెహ్రూగారు భారతదర్శనమును రచించిరి. పట్టాభిగారు దినచర్య వ్రాసి, సహచరుల సంభాషణలను, వాదోపవాదములను పదిలపరచిరి. అది 1946లో ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’ అను పేర వెలువడెను. కాంగ్రెసు చరిత్ర రెండవ సంపుటము 1947లో వచ్చెను.

1948లో టాండన్‌గారిపై గెలిచి వారు కాంగ్రెసు అధ్యక్షులైరి. అంతటితో చిక్కులు తీరలేదు. ఆంధ్రరాష్ట్రమునకై యౌవనము నుండి పాటుపడిన వారే, నెహ్రూ పటేల్‌లతో కూడిన సంఘములో సభ్యులై, మద్రాసు నగరముపై ఆశ విడువవలెనను 1949 నివేదికపై సంతకము చేయవలసి వచ్చెను. సొంతవారి నిష్ఠురములు భరించిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు వారు నాగపురమున, మన ప్రాంతపు రాజభవనములో నుండిరి. జీవితకాలపు కల నిజమైనది. వారు మాత్రము పొరుగు రాష్ట్రములో నిలిచి చూచిరి.

1959 డిసెంబరు 17వ తేదీన హైదరాబాదులో పట్టాభిగారు కీర్తిశేషులైరి. వారు స్థాపించిన బ్యాంకు 2020లో వేరొక బ్యాంకులో విలీనమైనది. వ్రాసిన పుటలు మిగిలినవి. ఉత్తరములతోను, దస్త్రములతోను కాలము గడుపు మన ఉద్యోగులకు వారి జీవితము చెప్పునది ఒక్కటే: బదులు రాలేదని, మాట చెల్లలేదని కలము క్రింద పెట్టరాదు.