జనజీవన చరిత్రకారుడు సురవరం ప్రతాపరెడ్డి

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, కోటలు జ్ఞప్తికి వస్తాయి. అయితే ఆ కోటలకు రాళ్ళెత్తిన కూలీ ఏమి తిన్నాడు? ఆ రాజులకు పన్ను కట్టిన రైతు ఇంట పండుగ ఎట్లా జరిగింది? పిల్లలు వీధిలో ఏ ఆటలు ఆడారు? ఈ ప్రశ్నలకు సమాధానం లేని చరిత్ర అసంపూర్ణమని భావించి, తెలుగు ప్రజల జీవితాన్నే చరిత్రగా రచించిన మహనీయుడు సురవరం ప్రతాపరెడ్డి. కవిగా, పాత్రికేయుడిగా, పరిశోధకుడిగా, ప్రజానాయకుడిగా ఆయన చేసిన సేవ బహుముఖమైనది.

ప్రతాపరెడ్డి 1896 మే 28న జన్మించారు. తల్లిదండ్రులు రంగమ్మ, నారాయణరెడ్డి. ఆయన స్వగ్రామం ఇటిక్యాలపాడు. అది నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన ఆయన పినతండ్రి సంరక్షణలో పెరిగారు. కర్నూలులో, హైదరాబాదులో, మద్రాసులో విద్యాభ్యాసం సాగింది. మద్రాసులో బి.ఏ., ఆ తరువాత బి.ఎల్. పూర్తిచేశారు. సంస్కృతాంధ్రాలతో పాటు ఉర్దూ, ఆంగ్ల భాషలలోనూ మంచి ప్రవేశం సంపాదించారు. కొంతకాలం న్యాయవాదవృత్తి చేపట్టినా ఆయన మనసు అందులో నిలువలేదు. హైదరాబాదులోని రెడ్డి వసతిగృహ నిర్వహణ బాధ్యతను స్వీకరించి, పల్లెల నుండి వచ్చిన విద్యార్థులలో పఠనాసక్తిని పెంపొందించారు. గ్రంథాలయోద్యమంలోనూ చురుకుగా పాల్గొన్నారు.

నాటి నిజాం సంస్థానంలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య అధికంగా ఉన్నా, పాలన ఉర్దూలోనే సాగేది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే జరిగేది. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా సభికులు గేలిచేసి అడ్డుపడ్డారు. స్వదేశంలోనే తమ భాష నవ్వులపాలు కావడం తెలుగువారిని కలచివేసింది. ఆ సంఘటన తరువాత ఆంధ్రజనసంఘం ఏర్పడింది. తెలంగాణలో భాషాసాంస్కృతిక చైతన్యానికి అది నాంది పలికింది.

ఆ చైతన్యానికి వాహికగా 1926లో ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక వెలువడింది. మొదట వారానికి రెండుసార్లు వచ్చిన ఈ పత్రిక తరువాత దినపత్రికగా మారింది. రచనలు తగినన్ని అందని రోజులలో ఆయనే పలు మారుపేర్లతో వ్యాసాలు, కథలు వ్రాసి పుటలు నింపేవారు. ప్రభుత్వ ఆంక్షలు ఎదురైనా వెనుకంజ వేయలేదు.

నిజాం రాష్ట్రంలో చెప్పదగిన తెలుగు కవులే లేరన్న అభిప్రాయం ఒకటి ఆ రోజులలో అచ్చయింది. మరొకరైతే ఆగ్రహంతో ఖండనవ్యాసం వ్రాసి ఊరకుండేవారు. ప్రతాపరెడ్డి అట్లా చేయలేదు. జిల్లా జిల్లా నుండి కవుల వివరాలు, పద్యాలు సేకరించారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించారు. ఆక్షేపణకు ఆధారాలతో బదులు చెప్పడమే పండితుని ధర్మమని ఆ సంచిక నిరూపించింది. పేరు ప్రఖ్యాతులు లేక మారుమూల గ్రామాలలో మిగిలిపోయిన ఎందరో కవులు దాని వలన సాహిత్యచరిత్రకు దక్కారు.

1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్రమహాసభకు ప్రతాపరెడ్డి అధ్యక్షత వహించారు. 1943లో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు కృషిలోనూ భాగస్వాములయ్యారు. హిందువుల పండుగలు, రామాయణ విశేషాలు, మొగలాయి కథలు మొదలైనవి ఆయన రచనలు. వీటన్నింటిలో మకుటాయమానమైనది 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర.

తూర్పు చాళుక్యుల కాలం మొదలు ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాల వరకు తెలుగువారి జీవన విధానాన్ని ఈ గ్రంథం వర్ణిస్తుంది. శాసనాలు సాధారణంగా రాజుల దానాలను, విజయాలను చెబుతాయి. సామాన్యుని జీవితానికి ఆధారం ఎక్కడ? ప్రతాపరెడ్డి దానిని కావ్యాలలో వెదికారు. పాల్కురికి సోమనాథుని కృతులలో కాకతీయయుగపు ఆచారాలను, క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల సందడిని, ఆముక్తమాల్యదలో విజయనగరకాలపు పల్లె బ్రతుకును, హంసవింశతిలో వృత్తులను, ఆటలను గుర్తించారు. అలంకారాల కోసం చదివే పద్యం నుండి ఆనాటి వంటకాన్ని, వస్త్రాన్ని, ఆభరణాన్ని, పనిముట్టును వెలికితీశారు. నిఘంటువులలో అర్థం దొరకని మాటలకు జనుల వాడుకను ఆధారంగా తీసుకున్నారు. పండితుడు విడిచిన అర్థం పల్లెటూరి వాని నోట జీవించి ఉండవచ్చునని ఆయన గ్రహించారు. పూర్వుల గొప్పతనాన్ని చెప్పినట్లే, వారి మూఢవిశ్వాసాలను, అనైక్యతను కూడా దాచక చెప్పారు.

హైదరాబాదు రాష్ట్రం భారతదేశంలో విలీనమైన తరువాత జరిగిన 1952 ఎన్నికలలో ఆయన వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25న పరమపదించారు. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆంధ్రుల సాంఘిక చరిత్రకు లభించింది. ఆ గౌరవాన్ని అందుకోవడానికి గ్రంథకర్త జీవించి లేకపోవడం విచారకరం. హైదరాబాదు ట్యాంక్‌బండ్‌పై ఆయన విగ్రహం ఉంది. 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

అయితే ఆయనకు నిజమైన స్మారకం ఆయన చూపిన మార్గంలో నడవడమే. ఒకనాడు పల్లెలుగా ఉన్న బడంగ్‌పేట్ వంటి ఊళ్ళు నేడు మహానగరంలో కలిసిపోయాయి. పొలాలున్న చోట ఇళ్ళు వెలిశాయి. పొలాలకు ఉన్న పేర్లు, వ్యవసాయపు పనిముట్ల పేర్లు, బోనాల నాటి ఆచారాలు, బతుకమ్మ పాటలు ఇంకా వృద్ధుల జ్ఞాపకాలలో ఉన్నాయి. ఆ వృద్ధులు కనుమరుగైతే ఆ మాటలూ కనుమరుగవుతాయి. మీ ఇంటిలోని అవ్వను, తాతను అడిగి అటువంటి పది మాటలను వ్రాసి ఉంచుకోండి. సాంఘిక చరిత్ర రచన అక్కడి నుండే ప్రారంభమవుతుంది.