రక్తానికి కులం లేదని చాటిన డాక్టర్ చార్లెస్ డ్రూ

మన హాస్టల్‌కు డాక్టర్లు వచ్చిన ప్రతిసారీ మనల్ని గోడకు ఆనించి ఎత్తు కొలుస్తారు. తూకం మీద నిలబెట్టి బరువు రాసుకుంటారు. మేము కూడా అలా ఏళ్ళ తరబడి వరుసలో నిలబడ్డవాళ్ళమే. ఆ రెండు అంకెలతో మన ఒంట్లో రక్తం ఎంతుందో, అందులో ప్లాస్మా ఎంతుందో సుమారుగా లెక్కకట్టవచ్చని పీజీలో చేరాక గానీ మాకు తెలియలేదు. ఆ ప్లాస్మా గురించి చదువుతుండగా పరిచయమైన మహనీయుడే డాక్టర్ చార్లెస్ రిచర్డ్ డ్రూ. ఆయన జీవితం మన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

డ్రూ 1904 జూన్ 3న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించారు. తండ్రి తివాచీలు పరిచే పని చేసేవారు. ఐదుగురు పిల్లల్లో డ్రూ పెద్దవాడు. చిన్నతనంలో వీధుల్లో పత్రికలు అమ్మారు. 1920లో చెల్లెలు ఎల్సీ క్షయ, ఇన్‌ఫ్లుయెంజా జబ్బులతో కన్నుమూసింది. ఆటల్లో మేటి కావడంతో ఆమ్హెర్స్ట్ కళాశాలలో స్కాలర్‌షిప్ దొరికింది. 1926లో డిగ్రీ పూర్తయింది గానీ వైద్యవిద్యకు డబ్బు లేదు. అందుకని రెండేళ్ళు బాల్టిమోర్‌లోని మోర్గాన్ కళాశాలలో పాఠాలు చెప్పి, ఆటలు నేర్పి డబ్బు కూడబెట్టారు. ఆ తర్వాత కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేరి, 1933లో 137 మంది ఉన్న తరగతిలో రెండో స్థానంలో నిలిచి డాక్టరయ్యారు.

1938లో పరిశోధన కోసం న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1913 నుంచి 1916 వరకు చదువుకున్న విశ్వవిద్యాలయం అదే. అక్కడ డాక్టర్ జాన్ స్కడర్ దగ్గర రక్తాన్ని నిల్వ చేసే పద్ధతులపై పరిశోధించి, 1940లో డాక్టరేట్ పొందారు. ఆ విశ్వవిద్యాలయంలో ఆ పట్టా పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే.

ఇక్కడ ప్లాస్మా గురించి కొంచెం చెప్పుకోవాలి. రక్తంలోని కణాలను వేరు చేస్తే మిగిలే లేతపసుపు ద్రవమే ప్లాస్మా. రక్తంలో ఇది సుమారు 55 శాతం ఉంటుంది. పెద్ద గాయాలైనప్పుడు, ఒళ్ళు కాలినప్పుడు రక్తనాళాల్లోని ద్రవం తగ్గిపోయి మనిషి షాక్‌లోకి వెళతాడు. వెంటనే ఆ లోటు పూడ్చకపోతే ప్రాణం దక్కదు. ఆ రోజుల్లో నిల్వ చేసిన రక్తం కొద్ది రోజులకే పాడయ్యేది. ప్లాస్మా అంతకంటే చాలా ఎక్కువకాలం నిలిచేది. ఓడల్లో దూరదేశాలకు పంపడానికీ వీలయ్యేది.

అయితే ఒక మనిషిలో ప్లాస్మా ఎంత ఉండాలి? రంగు మందును కొలిచి నరంలోకి ఎక్కించి, అది రక్తంలో ఎంత పలచబడిందో చూసి కనుక్కోవడం కచ్చితమైన పద్ధతి. అంత సమయం లేనప్పుడు సులువైన లెక్క ఒకటుంది. పెద్దవయసు మగవారికి కిలో బరువుకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 60 కిలోల మనిషికి 4,200 మిల్లీలీటర్లు. రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే భాగాన్ని హెమటోక్రిట్ అంటారు. అది 45 శాతమైతే మిగిలిన 55 శాతం, అంటే సుమారు 2,310 మిల్లీలీటర్లు ప్లాస్మా. ఆడవారికి కిలోకు 65 మిల్లీలీటర్లుగా లెక్కిస్తారు. 1962లో నాడ్లర్ బృందం ఎత్తును కూడా కలిపి ఒక సూత్రం ఇచ్చింది. ఆ సూత్రంలో 165 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోల బరువున్న మగమనిషి వివరాలు వేసి చూస్తే రక్తం 4.18 లీటర్లు వచ్చింది. రెండు లెక్కలూ దాదాపు ఒక్కటే.

రెండో ప్రపంచయుద్ధంలో బాంబుదాడులతో బ్రిటన్ అల్లాడుతున్నప్పుడు, అమెరికా నుంచి ప్లాస్మా పంపే బాధ్యతను 1940లో డ్రూకు అప్పగించారు. రక్తం తీయడం, ప్లాస్మా వేరు చేయడం, క్రిములు చేరకుండా పరీక్షించడం, అన్నిటికీ ఆయన ఒకే పద్ధతిని ఏర్పాటు చేశారు. 1941 జనవరి నాటికి 14 వేల మందికి పైగా దాతల నుంచి రక్తం సేకరించి, 5,000 లీటర్లకు పైగా ప్లాస్మాను ఓడలెక్కించారు. తర్వాత రెడ్‌క్రాస్ రక్తనిధికీ పనిచేసి, 1941 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయానికి తిరిగి వెళ్ళారు.

అదే ఏడాది సైన్యం కోసం నల్లవారి రక్తం తీసుకోరాదని నిర్ణయించారు. ఆ రక్తనిధికి ప్రాణం పోసిన డ్రూ రక్తమే అక్కడ పనికిరాదన్నమాట! విమర్శలు రావడంతో 1942 జనవరిలో తీసుకుంటామన్నారు గానీ, వేరు సీసాల్లో ఉంచుతామన్నారు. ఊరి బావి దగ్గర వేరుగా నిలబడ్డ పెద్దల బిడ్డలం మనం. ఈ మాట మనకు ఒకరు విడమరచి చెప్పనక్కరలేదు. డ్రూ ఊరుకోలేదు. జాతిని బట్టి రక్తాన్ని వేరుచేయడానికి శాస్త్రంలో ఏ ఆధారమూ లేదని బహిరంగంగా చెప్పారు. పైన మనం వేసిన లెక్కనే చూడండి. అది ఎత్తు అడుగుతుంది, బరువు అడుగుతుంది, ఆడా మగా అని అడుగుతుంది. ఒంటి రంగు, కులం అడగదు. రక్తానికి గ్రూపులున్నాయి నిజమే. కానీ ఆ గ్రూపులు అన్ని జాతుల్లోనూ ఉన్నాయి.

డ్రూ కోపంతో ఆగిపోలేదు. తనలాంటి వారిని తయారుచేయడానికి పూనుకున్నారు. 1941 నుంచి 1950 వరకు అమెరికన్ సర్జరీ బోర్డు గుర్తింపు పొందిన నల్లజాతి సర్జన్లలో సగానికి పైగా ఆయన శిష్యులే. 1944లో ఆయనకు స్పింగార్న్ పతకం లభించింది.

1950 ఏప్రిల్ 1న ముగ్గురు తోటి డాక్టర్లతో టస్కిగీకి రాత్రంతా ప్రయాణిస్తుండగా, నార్త్ కరొలినాలో కారు బోల్తాపడి డ్రూ మరణించారు. అప్పటికి ఆయన వయసు 45 ఏళ్ళే. నల్లవాడని ఆస్పత్రిలో రక్తం ఎక్కించలేదని ఒక కథ ప్రచారంలో ఉంది. మేము కూడా మొదట అదే నమ్మాం. కానీ అది నిజం కాదు. అక్కడి తెల్లజాతి డాక్టర్లు ఆయన్ను బతికించడానికి శాయశక్తులా ప్రయత్నించారని కారులో వెంట ఉన్న డాక్టరే చెప్పారు. జీవితమంతా ఆధారాలతో మాట్లాడిన మనిషి గురించి మనం కూడా ఆధారం ఉన్న మాటే చెప్పాలి. ఆయనకు జరిగిన అసలు అన్యాయం సీసాల మీద జాతి పేరు రాయడం. రెడ్‌క్రాస్ ఆ పద్ధతిని అదే 1950లో ఆపేసింది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఈసారి తూకం ఎక్కినప్పుడు ఆ అంకెను ఊరికే వదిలేయకండి. పద్దెనిమిదేళ్ళు నిండాక మీ లెక్క మీరే వేసుకోండి. ఆరోగ్యంగా ఉంటే రక్తదానం చేయండి. మనం ఇచ్చిన రక్తం ఎవరి ఒంట్లో చేరిందో మనకు తెలియదు, ఎవరిచ్చారో వారికీ తెలియదు. డాక్టర్ డ్రూ కోరుకున్నది అదే. ఆ మహనీయునికి మా జోహార్లు.