టావెర్నియర్ కృష్ణ దాటిన యేడు

గోలకొండ వజ్రాల ప్రసంగం వచ్చినప్పుడెల్లా టావెర్నియర్ పేరు వినబడుతుంది. ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీకి నీలవజ్రం అమ్మిన వర్తకుడుగా చరిత్ర విద్యార్థులు అతనిని ఎరుగుదురు. ఆ వర్తకుడే ఒక వర్షకాలంలో కృష్ణ వరదకు లోబడి బెజవాడలో పడిగాపులు కాశాడనీ, పులికాటు దగ్గర సముద్రపు నీటిలో గుర్రాన్ని నడిపించాడనీ ఎరిగినవారు తక్కువ. రత్నపరీక్షలో ఎంత నేర్పరియో ప్రయాణపు ఏర్పాటులోను అంత నేర్పరి గనుకనే అతడు అన్నిమార్లు వచ్చి, అన్నిమార్లు ప్రాణాలతో తిరిగి వెళ్ళగలిగాడు.

జీన్ బాప్టిస్ట్ టావెర్నియర్ 1605లో పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి ఆంట్వెర్పు నుండి వచ్చి స్థిరపడినవాడు. దేశపటాలు అమ్మడం ఆయన జీవిక. పటాల మధ్య పెరిగిన బాలునికి ఆ గీతల వెనుక ఉన్న దేశాలను కన్నులారా చూడవలెననే కోరిక పుట్టడంలో వింత లేదు. ఇరువది రెండేళ్ళు వచ్చేసరికి యూరపులో చాలా భాగం తిరిగాడు. 1630 ప్రాంతం మొదలు 1668 వరకు తూర్పుదేశాలకు ఆరు యాత్రలు చేశాడు.

వీటిలో నాల్గవ యాత్ర మన ప్రాంతానికి సంబంధించినది. 1652లో పారశీకదేశపు బందరు అబ్బాసులో గోలకొండ రాజుగారి ఓడ ఎక్కి మచిలీపట్నంలో దిగాడు. ఆనాడు మచిలీపట్నమంటే సామాన్యమైన రేవు కాదు. పెగూ, సయాం, సుమత్రా, మక్కా పోయే ఓడలకు అదే ఆటపట్టు. డచ్చివారికి, ఇంగ్లీషువారికి అక్కడ వర్తకశాలలు ఉండేవి. టావెర్నియర్ వద్ద పెద్ద పెద్ద ముత్యాలు, మరకతాలు ఉన్నాయి. తిన్నగా గోలకొండకు పోయి అబ్దుల్లా కుతుబ్ షాకు వాటిని అమ్మవలెనని అతని ఆలోచన. అయితే మంత్రీ, సేనానీ అయిన మీర్ జుమ్లా చూడనిదే రాజు ఏ రత్నమూ కొనడని డచ్చివారు చెప్పారు. ఆ మీర్ జుమ్లా ఎక్కడ ఉన్నాడు? పెన్నా ఒడ్డున గండికోటలో, సైన్యంతో. పడమటికి పోవలసిన ప్రయాణం దక్షిణానికి తిరిగింది: తీరసీమ వెంట మద్రాసు వరకు, అక్కడినుండి గండికోటకు. అదీ నడి వానకాలంలో!

మన దేశంలో దూరప్రయాణానికి ఏమేమి కావలెనో టావెర్నియర్ తన గ్రంథంలో ఇంటిలెక్క వ్రాసినట్లు వ్రాశాడు. పల్లకీ బోయీలకు తలకు నెలకు నాలుగు రూపాయలు. ప్రయాణం అరువది దినాలు మించితే ఐదు. గౌరవంగా పోదలచినవాడు ఆయుధపాణులను ఇరువది ముప్పది మందిని వెంట ఉంచుకోవలె. స్వారీకి ఎద్దును కొనేటప్పుడు కొమ్ములు అడుగుకు మించకుండా చూసుకోవలె. ఈగలు కుట్టినప్పుడు అది తల వెనుకకు విసరితే పొడవు కొమ్ము ఎక్కినవాని పొట్టలో దిగుతుంది. బండి ఎద్దులకు గోధుమపిండి ముద్దలలో వెన్న, బెల్లం కలిపి పెట్టవలె. సాయంకాలం నానబెట్టిన శనగలు. ఎండలు తీవ్రమైనప్పుడు రాత్రులు నడవవలె గాని, కోట ఉన్న ఊరిలో దిగినవాడు ద్వారాలు మూయకముందే బయటపడవలె. ఈ వివరాలు చదువుతుంటే వజ్రాల వర్తకుడు కాక ఒక పెద్ద బిడారు నాయకుడు కళ్ళకు కడతాడు.

ఇంత లెక్క తెలిసినవానికి వాన మాత్రం లెక్కకు లొంగలేదు. మచిలీపట్నం నుండి బెజవాడ డెబ్బది కిలోమీటర్లకు మించదు. అతనికి సుమారు వారం పట్టింది. దారిలో ఒక యేరు తెప్పపై దాటాడు. ఒక కుగ్రామంలో మూడు దినాలు వాన కదలనీయలేదు. దక్షిణానికి పోవలసినవాడు వాయవ్యంగా బెజవాడకు ఎందుకు పోయినాడని విద్యార్థి అడుగవచ్చు. పటం చూస్తే సమాధానం దొరుకుతుంది. పులిగడ్డ దిగువన కృష్ణ పాయలుగా చీలి దివిసీమను చుట్టి సముద్రంలో కలుస్తుంది. ఆ పాయలలోకి పోటు ఎక్కుతుంది, ఆటుకు బురద తేలుతుంది. బరువులు మోసే ఎద్దులకు అది దారి కాదు. బెజవాడ దగ్గర నది రెండు కొండల మధ్య ఒకే ప్రవాహంగా ఇమిడి ఉంటుంది. 1855లో ఆనకట్ట పూర్తి అయినదీ, 1957లో ప్రకాశం బ్యారేజి వెలసినదీ ఆ ఇరుకునందే.

ఆ ఇరుకు వద్ద కూడా నది పొంగి పడవలు సాగలేదు. టావెర్నియర్ కొన్ని దినాలు బెజవాడలో నిలిచిపోయి, ఆ వ్యవధిలో దేవాలయాలు చూశాడు. కొండమీది గుడికి 193 మెట్లు ఉన్నవని లెక్కించి వ్రాశాడు. స్తంభాలనూ లెక్కించాడు. అయితే ఆ స్తంభాలపై శిల్పాలు అతనికి భూతాలుగా మాత్రమే కనబడినవి. లెక్క తప్పని కన్నుకు అర్థం తప్పింది. ఈ దారిలోనే ఒక గుడిలో, భర్తను పోగొట్టుకొని, బిడ్డలను సాకే దారి చెప్పమని దేవుని ఎదుట మూడు దినాలుగా కూర్చున్న బీదరాలిని చూశాడు. ఆమె దైన్యాన్ని గ్రంథంలో చేర్చినందుకు అతని ఇతర దోషాలు కొన్ని మన్నించవచ్చు.

నది దాటినపిదప ప్రయాణం వేగం పుంజుకుంది. కొండవీడు, అద్దంకి, కందుకూరు, నెల్లూరు, సర్వేపల్లి అతని గ్రంథంలో ఫ్రెంచి ఉచ్చారణలో వంకర తిరిగి కనబడతాయి. పులికాటు సమీపించేసరికి అసలు పరీక్ష వచ్చింది. మిగిలినది నాలుగు లీగులు, అనగా పది పన్నెండు మైళ్ళు. అందులో ఒక లీగుకు పైగా సముద్రపు నీటిలోనే నడవవలె. చాలాచోట్ల నీరు గుర్రాల జీనుల వరకు వచ్చింది. రెండు మూడు లీగులు చుట్టు తిరిగే పొడిదారి ఉన్నది. అయినా నీటిదారినే పోయినాడు. కృష్ణ వద్ద అన్ని దినాలు ఓపిక పట్టినవాడే పులికాటు వద్ద నీటిలో దిగడం గమనింపదగినది. వరదలో నది లోతు ఎవరికీ తెలియదు. కయ్యలో లోతు అక్కడివారికి ప్రతిదినం తెలిసినదే.

పులికాటులో అతనికి మరొక వింత కనబడింది. ఆటు వేళ జనం ఇసుకతిన్నెపై, సముద్రానికి ఎంత దగ్గర అయితే అంత మేలని, గుంటలు త్రవ్వి తియ్యని నీరు తోడుకొనేవారు. ఇసుకలో ఇంకిన వాననీరు ఉప్పునీటికంటె తేలిక గనుక దానిపై తేలి నిలుస్తుంది. తీరప్రాంతపు చెలమల రహస్యం ఇదే.

ఆగస్టులో మద్రాసు, సెప్టెంబరు మొదట గండికోట. మీర్ జుమ్లా కాలివ్రేళ్ళ సందుల్లోనూ, ఎడమచేతి వ్రేళ్ళ సందుల్లోనూ జాబులు ఇరికించుకొని, ఒక్కొక్కటే తీసి జవాబులు చెప్పి వ్రాయిస్తూ కనబడ్డాడు. ముత్యాలు చూసి, గోలకొండలోని తన కుమారుని వద్దకు పొమ్మన్నాడు. అక్కడ బేరం కుదరలేదు. ఇంత శ్రమకు ఫలం దక్కకుండానే టావెర్నియర్ సూరతు దారి పట్టాడు.

తరువాతి చరిత్ర అందరికీ తెలిసినదే. కృష్ణ ఒడ్డు కొల్లూరు గనిలో అరువది వేలమంది పని చేసేవారని లోకానికి చెప్పినవాడు అతడే. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయంలో మునిగి ఉన్నది. 1668లో నీలవజ్రం అమ్ముడుపోయింది. 1670లో జెనీవా చెంత ఒబాన్ జమీను కొన్నాడు, 1676లో యాత్రాగ్రంథం వెలువరించాడు. సుఖంగా కూర్చోవలసిన వయస్సులో జమీను అమ్మివేసి, రష్యా మీదుగా మరల తూర్పు దిక్కుకు బయలుదేరాడు. 1689లో, ఎనభై నాలుగవ యేట, మాస్కోలో మరణించాడు.